ఆ కుకీలు కరకరలాడకూడదు

సంపాదకుల వారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధం వంటల పేజీలో వచ్చిన మొలాసిస్ (చెరకు నుంచి వచ్చే నల్లటి చిక్కటి ద్రవం) కుకీల రెసిపీ గురించి ఈ ఉత్తరం. నేను పుట్టి పెరిగింది చోడవరం దగ్గర. ఇప్పుడు ఉంటున్నది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలోని సేలమ్ ఊళ్ళో. ఇక్కడొక బడి వంటగదిలో పనిచేస్తాను. చలి మొదలైందంటే మా ఓవెన్లలోంచి ఈ కుకీలు ట్రేలకు ట్రేలు దిగుతాయి. కాబట్టి మీ ఈ-పేపర్‌లో ఆ బొమ్మ చూడగానే చాలా సంతోషం వేసింది. కింద రాసింది చదివాక మాత్రం ఊరుకోలేకపోయాను.

ఆ రెసిపీ చూసి ఊళ్ళో మా వదిన చేసింది. మీరు "375 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు, గోధుమ రంగు వచ్చి కరకరలాడేదాకా" అని రాశారు. ఏ డిగ్రీలో రాయలేదు. అది ఫారెన్‌హీట్. సెల్సియస్‌లో అయితే 190. మన ఇళ్ళలో ఉండే చిన్న కరెంటు ఓవెన్లు, అంటే ఓటీజీలకు చాలావాటికి 250 దగ్గరే చక్రం ఆగిపోతుంది. 375 కనబడక వదిన దాన్ని చివరిదాకా తిప్పి పెట్టింది. అడుగులు నల్లగా మాడాయి, పైభాగం పెంకులా బిగిసింది. వీడియో కాల్‌లో ఒకటి తీసి గట్టు మీద కొట్టి చూపించింది. "ఏమ్మా, మీ బడి పిల్లలు ఇవేనా తినేది? వాళ్ళ పళ్ళు గట్టివే" అంది. పావుకిలో వెన్న, గుడ్డు, మైదా, కరెంటు, ఒక మధ్యాహ్నం, అన్నీ పోయాయి. తప్పు తనదేనేమో అని బాధపడింది. ఆమెది కానే కాదు.

మొలాసిస్ కుకీ మెత్తగా ఉండాలి. పట్టుకుని వంచితే విరక్కుండా వంగాలి, అంచు దగ్గర మాత్రం కాస్త నమలబుద్ధేసేలా ఉండాలి. కరకరలాడే అల్లం బిస్కెట్ వేరే ఉంది, దాన్ని ఇక్కడ జింజర్ స్నాప్ అంటారు. మీ పేజీలో రెండింటినీ కలిపేశారు.

ఈ మెత్తదనం ఎక్కడినుంచి వస్తుందో ఒక్క ముక్క చెప్పి ఉంటే సగం కష్టం తప్పేది. చెరకు రసాన్ని మరిగించి పంచదార పలుకులు తీసేశాక మిగిలే నల్లటి చిక్కటి ద్రవమే మొలాసిస్. అందులో మామూలు పంచదారతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. ఇవి తేమను పట్టుకుని వదలవు. అందుకే ఈ కుకీ డబ్బాలో పెట్టిన మర్నాడు ఇంకా బాగుంటుంది. పైగా మొలాసిస్‌కు కొంచెం పులుపు గుణం ఉంది. ఆ పులుపు తగిలి వంటసోడా పొంగుతుంది, కుకీ మీద పగుళ్ళు విచ్చుకుంటాయి. మీరు "మొలాసిస్ దొరక్కపోతే అంతే బెల్లం పొడి వేయండి" అని ఒక్క మాటలో తేల్చేశారు. ద్రవం ఉండాల్సిన చోట పొడి పోస్తే పిండిలో తడి తగ్గిపోతుంది, బెల్లం పలుకులు ఓవెన్‌లో కరిగి చల్లారాక గట్టిపడతాయి. వదిన కుకీలు అలా బిగుసుకుపోవడానికి వేడి ఒక్కటే కారణం కాదు.

బెల్లంతో చేయకూడదని నేననడం లేదు. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటైన అనకాపల్లి మాకు కూతవేటు దూరంలో ఉంది, బెల్లం వద్దని నేనెలా అంటాను? పొడిగా కాకుండా పాకం చేసి వేయాలి. ముదురు రంగు బెల్లం 100 గ్రాములు చితక్కొట్టి, రెండు టేబుల్ స్పూన్ల నీళ్ళు పోసి కరిగించి వడకట్టాలి. మళ్ళీ పొయ్యి మీద పెట్టి అర టీస్పూను నిమ్మరసం పిండాలి. గులాబ్ జామ్ పాకం పలుకు కట్టకుండా నిమ్మరసం వేస్తాం కదా, ఇదీ అంతే. ఆ పులుపుకి పంచదారలో కొంత భాగం విడిపోయి గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా మారుతుంది. మొలాసిస్‌లో మెత్తదనం ఇచ్చేది అదే. తీగ పాకం రాకముందే దించేయాలి. గరిటె ఎత్తితే పలచటి తేనెలా జారుతూ ఉండాలి. పూర్తిగా చల్లారాక 85 గ్రాములు తూచి పక్కన పెట్టుకోవాలి. మొలాసిస్‌కి ఉండే ఆ చిరుచేదు దీనికి రాదు, రుచి కొంచెం మన అరిసెల వైపు వెళుతుంది. నాకు అదీ ఇష్టమే.

మిగతా లెక్క గ్రాముల్లో రాస్తున్నాను. కప్పులతో ఎందుకు వద్దంటే, మైదాను కప్పుతో వదులుగా నింపితే 120 గ్రాములు, డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా వస్తుంది. రెండు కప్పులకు వచ్చే ఆ 60 గ్రాముల తేడాకే మెత్తటి కుకీ కాస్తా రాయి అవుతుంది. ఉప్పు లేని వెన్న 170 గ్రాములు, పంచదార 200 గ్రాములు కలిపి తెల్లబడేదాకా గిలక్కొట్టి, ఒక గుడ్డు, 85 గ్రాముల మొలాసిస్ (లేదా ఆ పాకం) కలపాలి. మైదా 260 గ్రాములు, వంటసోడా రెండు టీస్పూన్లు, ఉప్పు అర టీస్పూను, శొంఠి పొడి ఒక టీస్పూను, దాల్చిన చెక్క పొడి ఒక టీస్పూను జల్లించి వేయాలి. లవంగాల పొడి ఇక్కడి రెసిపీల్లో అర టీస్పూను ఉంటుంది. అది సీసాలో ఎన్నాళ్ళనుంచో ఉన్న పొడి. మనం అప్పటికప్పుడు దంచుకున్న లవంగానికి ఘాటు ఎక్కువ, పావు టీస్పూను చాలు. గుడ్డు తినని ఇళ్ళలో దాని బదులు చిక్కటి పెరుగు 50 గ్రాములు వేసుకోవచ్చు, సోడాకు కావలసిన పులుపు కూడా అందులో ఉంటుంది.

పిండి చేతికి అంటుకునేంత మెత్తగా ఉంటుంది. అక్కడ ఇంకాస్త మైదా వేయాలనిపిస్తుంది, వేయకండి. గంటసేపు ఫ్రిజ్‌లో పెడితే అదే బిగుస్తుంది. మన ఎండల్లో ఈ గంట మరీ ముఖ్యం, లేకపోతే వెన్న ముందే కరిగి కుకీలు ట్రే అంతా పాకిపోతాయి. పెద్ద ఉసిరికాయంత ఉండలు చేసి పంచదారలో దొర్లించి, దూరం దూరంగా పెట్టాలి. ఓవెన్ 190 సెల్సియస్‌కి పావుగంట ముందే వేడెక్కి ఉండాలి, పైన కింద రెండు రాడ్లూ వెలగాలి, ట్రే మధ్య అరలో ఉండాలి.

ఇక ఎప్పుడు తీయాలన్నది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇదే. "గోధుమ రంగు వచ్చేదాకా" అన్న గుర్తు ఈ కుకీకి పనికిరాదు, పిండి మొదటినుంచీ గోధుమ రంగే కదా. నిమిషాల లెక్కా పూర్తిగా నమ్మడానికి లేదు. ఎనిమిది నుంచి పది నిమిషాలని నేను చెప్పగలను గానీ, ఒక్కో ఓటీజీ వేడి ఒక్కోలా ఉంటుంది. అరిసెల పాకం ఎన్ని నిమిషాలు కాగాలని మన అమ్మలెవరూ చెప్పలేదు. నీళ్ళ గిన్నెలో వేసి చూడు, ఉండ కట్టిందా దించెయ్ అన్నారు. ఈ కుకీకి కూడా అలాంటి గుర్తు ఉంది.

ఏడో నిమిషం దాటగానే లైటు వేసి తలుపు అద్దంలోంచి చూడండి. ఉండలు చదునై పొంగుతాయి, పైన పంచదార పూత చీలుతూ పగుళ్ళు పడతాయి. ఆ పగుళ్ళ లోపలికే చూడాలి. మొదట అవి తడిగా, నూనె రాసినట్టు మెరుస్తుంటాయి. కాసేపటికి అంచు దగ్గరి పగుళ్ళలో మెరుపు పోతుంది, నడిమి పగుళ్ళలో మాత్రం ఇంకా ఉంటుంది. సరిగ్గా అప్పుడు తీయాలి. వేలితో అంచు మీద నొక్కితే నిలబడుతుంది, నడిమి భాగం నొక్కితే సొట్ట పడి అలాగే ఉండిపోతుంది. చూసేవాళ్ళకు పచ్చిగా ఉందే అని టెన్షన్ వస్తుంది. మా వంటగదిలో కొత్తగా చేరిన ప్రతి ఒక్కరూ అక్కడే ట్రేని మళ్ళీ లోపలికి తోసేయబోతారు, నేను చెయ్యి అడ్డం పెడతాను. నడిమి పగుళ్ళు కూడా ఆరిపోయాయంటే ఆలస్యమైపోయినట్టే. తీశాక ఐదు నిమిషాలు ట్రే మీదే వదిలేస్తే ఆ వేడికే లోపల మగ్గుతుంది. ఉబ్బిన నడిమి భాగం మెల్లగా కిందికి దిగి పైన ముడతలు పడతాయి. అప్పుడు తీసి జాలీ మీద ఆరబెట్టుకోవాలి. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఒక బ్రెడ్ ముక్క వేసి పెడితే, బ్రెడ్ ఎండిపోతుంది, కుకీలు మెత్తగానే ఉంటాయి.

మీరు దీన్ని "క్రిస్మస్ స్పెషల్" అని శీర్షిక పెట్టి వదిలేశారు. క్రిస్మస్‌కి చేసేమాట నిజమే. కానీ ఈ రుచికి వెనక పెద్ద చరిత్రే ఉంది, అందులో కష్టమూ ఉంది. ఒకప్పుడు మసాచుసెట్స్ ఉన్న ఈ న్యూ ఇంగ్లండ్ ప్రాంతంలో పంచదార ఖరీదు, మొలాసిస్ చవక. బీన్స్‌లో, రొట్టెలో, కుకీల్లో అదే తీపి. అది కరీబియన్ దీవుల్లో బానిసల చేత చేయించిన చెరకు సాగు నుంచి ఓడల్లో వచ్చేది, రమ్ము కాచడానికీ అదే. బ్రిటన్ తన అధీనంలో లేని దీవుల నుంచి వచ్చే మొలాసిస్ మీద పన్ను వేస్తూ 1733లో మొలాసిస్ చట్టం తెచ్చింది. బోస్టన్‌లో 1919 జనవరి 15న 23 లక్షల గ్యాలన్ల మొలాసిస్ ట్యాంకు పగిలి, ఆ వరదలో 21 మంది చనిపోయారు. అది తినడానికి తెచ్చింది కాదు, ఆల్కహాల్ తయారీకి తెచ్చింది. సేలమ్ పక్కనే మార్బుల్‌హెడ్ అనే రేవు ఊరుంది. అక్కడ జో ఫ్రాగర్స్ అని అరచేయంత మొలాసిస్ కుకీలు చేస్తారు. బానిసగా పుట్టి, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన జోసెఫ్ బ్రౌన్, ఆయన భార్య లుక్రీషియా నడిపిన సత్రంలో ఇవి పుట్టాయని ఆ ఊరివాళ్ళు చెబుతారు. అందులో గుడ్డు ఉండదు. రమ్ము, ఉప్పునీళ్ళు వేసేవారు. చాలా రోజులు పాడుకావని చేపలవేటకు వెళ్ళే పడవల్లో డబ్బాలకెత్తుకుని పోయేవారట. బొమ్మ పక్కన లుక్రీషియా పేరు ఒక్క వాక్యంలోనైనా వేసి ఉంటే బాగుండేది.

ఇప్పుడు నన్ను నిజంగా కంగారుపెట్టిన విషయం. మా వదిన పట్టు వదలని మనిషి. ఈసారి బెల్లం కాదు, అసలు మొలాసిస్సే తెచ్చి చేస్తానంది. ఎక్కడ దొరుకుతుందని అడిగితే పశువుల దాణా అమ్మే కొట్లో డబ్బాలున్నాయని చెప్పింది. నా గుండె ఆగినంత పనైంది. మా దగ్గరి గోవాడ చక్కెర ఫ్యాక్టరీలో చెరకు క్రషింగ్ రోజుల్లో మొలాసిస్ ట్యాంకర్ల వాసన పీలుస్తూ పెరిగినవాళ్ళం మేం. ఆ పేరు వినగానే మా వైపు ఎవరికైనా గుర్తొచ్చేది అదే సరుకు. కానీ అది వంటకు కాదు. పంచదార అంతా లాగేశాక చివర మిగిలే మడ్డి అది. మన ఫ్యాక్టరీల్లో చాలావరకు పంచదార తెల్లబడటానికి గంధకపు పొగ పట్టిస్తారు, ఆ శేషాలు మడ్డిలో ఉంటాయి. మనుషులు తినేలా దాన్ని వడకట్టరు, శుభ్రమైన ట్యాంకుల్లో నిల్వ చేయరు. అది పోయేది డిస్టిలరీలకు, దాణాకు. సారా భయంతో ఎక్సైజ్ నిబంధనలు కూడా దాని మీద ఉన్నాయి. ఇక్కడ కిరాణా కొట్లో సీసాలో దొరికేది చెరకు రసాన్ని మొదటిసారి, రెండోసారి కాచినప్పుడు తీసి, తినడానికని తయారుచేసిన మొలాసిస్. దాని మీద గంధకం వాడలేదని రాసి ఉంటుంది. మూడోసారి కాచాక మిగిలే బ్లాక్‌స్ట్రాప్ అనేది ఇక్కడా అమ్ముతారు, అది వేస్తే కుకీలు చేదెక్కుతాయి. మన దగ్గర కొనేవాళ్ళు సీసా మీద ఆహార పదార్థమని ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. (దేశ ఆహార భద్రత సంస్థ) లైసెన్సు నంబరు ఉందో లేదో చూసి తీసుకోవాలి. అది లేకపోతే బెల్లం పాకమే మేలు.

"మొలాసిస్ 85 గ్రాములు" అని రాసి, ఏ మొలాసిసో రాయకపోతే, చెరకు పండే జిల్లాల్లో ఒక్క మా వదినే కాదు, ఎవరైనా వెళ్ళేది ఆ దాణా కొట్టుకే.

కొలతల సవరణ, డిగ్రీల సవరణ వచ్చే ఆదివారం అనుబంధంలో వేసినా సరిపోతుంది. వంటల పేజీకి ఇకముందు కూడా గ్రాములు, సెల్సియస్, దించే గుర్తు ఈ మూడూ తప్పకుండా ఇవ్వమని నా కోరిక. దాణా మొలాసిస్ గురించిన హెచ్చరికకు మాత్రం ఆదివారం దాకా ఆగకండి. రేపటి పేపర్లోనే, జిల్లా ఎడిషన్లన్నిటిలో, కంటికి కనబడేలా బాక్సు కట్టి వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సేలమ్, మసాచుసెట్స్, అమెరికా