రెండు డైమన్లంటే డైమన్లు కాదట!

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మా అరుగు మీద బ్రిడ్జి పేకాట ఆడుతున్నాం. నేను ఒక నోట్రంప్ (అంటే తురుపు లేకుండా ఆడతానని పాట) అన్నాను. ఎదురుగా కూర్చున్న నా జోడీ, మా బావ, రెండు డైమన్లు అన్నాడు. డైమన్లే తురుపు చేయమంటున్నాడనుకుని ‘పాస్’ అనేశాను. ఆయన మొహం మాడిపోయింది. తన దగ్గర ఐదు ఆఠీన్లున్నాయి, నన్ను రెండు ఆఠీన్లు అనమని దాని అర్థమట! ఆయన చేతిలో డైమన్లు రెండే, నా దగ్గర మూడు. ఆ ఐదు తురుపు ముక్కలతో నాలుగు పట్లు తక్కువయ్యాం.

‘‘ముందే అనుకోవాలి కదా బావా’’ అన్నాను.

‘‘ట్రాన్స్‌ఫర్ తెలీకుండా బ్రిడ్జి ఏటిరా?’’ అన్నాడు. ఇలా ఒక రంగు చెప్పి జోడీ చేత మరో రంగు అనిపించే ఒప్పందాన్నే ట్రాన్స్‌ఫర్ అంటారట.

2018 జకార్తా ఆసియా క్రీడల్లో మనవాళ్లు పురుషుల జంటల బ్రిడ్జిలో స్వర్ణం గెలిచారు. ఇలాంటి బిడ్డింగు (పాట) ఒప్పందాల మీద మీ ఆదివారం అనుబంధంలో చిన్న శీర్షిక వేయండి. ముందు ట్రాన్స్‌ఫర్‌తోనే మొదలుపెట్టండి. బావ మళ్లీ వస్తానన్నాడు.

– ఒక రిటైర్డ్ ఉద్యోగి, విజయనగరం