సీక్వెన్సింగ్ వచ్చినంత మాత్రాన జన్యు మ్యాపింగ్‌కు నిధులు ఆపకండి

గౌరవనీయులైన శాస్త్ర సాంకేతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. బాక్టీరియా మ్యుటేషన్లు (జన్యు మార్పులు) క్రోమోజోము మీద ఎక్కడున్నాయో కనిపెట్టే మ్యాపింగ్‌కు నిధులు అడిగిన ప్రతిసారీ సమీక్షకులది ఒకటే ప్రశ్న: "సీక్వెన్సింగ్‌తో జీనోమ్ (జన్యు అక్షరాలు) మొత్తం చదివించేయొచ్చు కదా, ఈ పాత పద్ధతులు దేనికి?" చదివిస్తూనే ఉన్నామండీ. చిక్కు ఆ తర్వాతే మొదలవుతుంది.

ప్రయోగశాలల్లో వాడే ఈ. కోలై బాక్టీరియా రకం కే-12నే తీసుకోండి. వేలీన్ ప్రొటీన్లకు కావలసిన అమైనో ఆమ్లమే. అయినా కనీస పోషకాల ప్లేటులో అదొక్కటే కలిపితే ఈ బాక్టీరియా పెరగదు. వేలీన్‌కూ ఐసోల్యూసీన్‌కూ పనికొచ్చే ఎంజైములను వేలీనే అడ్డుకుంటుంది, ఐసోల్యూసీన్ లేక కణం ఆగిపోతుంది. వేలీన్‌కు లొంగని ఎంజైము ఇంకొకటి ఉండాలి గానీ, ఐఎల్‌వీజీ జన్యువులో అక్షరాల వరస తప్పడం వల్ల కే-12లో అది పనిచేయదు.

కొన్నాళ్లకు అదే ప్లేటు మీద అక్కడక్కడా కాలనీలు లేస్తాయి, చూపుకు అన్నీ ఒక్కలాగే. ఒకదానిలో ఐఎల్‌వీజీ వరస మళ్లీ కుదిరి ఉండొచ్చు. 100 నిమిషాల క్రోమోజోము పటంలో దాని చోటు 85వ నిమిషం దగ్గర. ఇంకోదానిలో వేరే ఎంజైము వేలీన్ పట్టు నుంచి తప్పించుకుని ఉండొచ్చు. దాని జన్యువులు 2వ నిమిషం దగ్గర, ల్యూసీన్ జన్యువుల పక్కనే. మరోదానిలో వేలీన్‌ను లోపలికి తెచ్చే ప్రొటీనే చెడి ఉండొచ్చు. (ఈ నిమిషాలు, సంయోగంలో క్రోమోజోము ఒక కణం నుంచి మరో కణానికి చేరే సమయాన్ని బట్టి పెట్టిన కొలత.)

రసాయనంతో మ్యుటేషన్లు రప్పించిన స్ట్రెయిన్‌ను (బాక్టీరియా రకాన్ని) చదివిస్తే తేడాల జాబితా పెద్దదే వస్తుంది. వేలీన్‌ను తట్టుకునే నిరోధకత తెచ్చింది వాటిలో ఏదో జాబితా చెప్పదు. అందుకే ఆ స్ట్రెయిన్ మీద పీ1 ఫేజ్‌ను (బాక్టీరియాకు సోకే వైరస్‌ను) పెంచి, ల్యూసీన్ తయారుచేసుకోలేని స్ట్రెయిన్‌కు ఎక్కిస్తాం. ఫేజ్ మోసుకెళ్లేది రెండు నిమిషాలంత ముక్కే. ల్యూసీన్ సామర్థ్యం తిరిగొచ్చిన కాలనీల్లో చాలావాటికి వేలీన్ నిరోధకత కూడా వస్తే, మార్పు ఆ ఇరుగుపొరుగులోనే ఉన్నట్టు. ఖర్చు కొన్ని ప్లేట్లు, ఓపిక.

ఇది పరిశ్రమకూ పనికొచ్చిన ఆలోచనే. 2002లో జపాన్ పరిశోధకులు లైసీన్ అనే అమైనో ఆమ్లం దండిగా ఇచ్చే పాత కోరినెబాక్టీరియం స్ట్రెయిన్‌లోంచి అసలు పనిచేసే కొద్ది మార్పులను గుర్తించి, సహజ స్ట్రెయిన్‌లో పెట్టి మంచి దిగుబడి చూపించారు.

ఈ పనికి కావలసిన, చోటు తెలిసిన జన్యు గుర్తులున్న స్ట్రెయిన్లన్నీ ఫ్రీజర్లలో గ్లిసరాల్ గొట్టాల్లో ఉన్నాయి. వాటిని చూసుకునేవారు పదవీ విరమణ చేస్తున్నారు, వారి చోట కొత్తవారిని తీసుకోవడం లేదు. స్ట్రెయిన్ల భద్రతకు ప్రాజెక్టులతో ముడిపెట్టని శాశ్వత పద్దు ఒకటి కేటాయించండి. ట్రాన్స్‌డక్షన్ (ఫేజ్‌తో జన్యువులను ఇలా చేరవేయడం) చేతులారా నేర్పే శిక్షణకు కూడా అందులో వాటా ఉండాలి. వచ్చే బడ్జెట్‌లోనే ఆ పద్దు చేర్చమని మనవి.

భవదీయురాలు,
ఒక బాక్టీరియా జన్యుశాస్త్ర పరిశోధకురాలు