జర్మనీ సార్‌బ్రూకెన్ తెలుగు సంఘం: 2025 సంవత్సరపు కార్యదర్శి నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

నిబంధనావళి ప్రకారం ఏడాదికోసారి సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి. చదువుతున్నాను. సంఘం ఎందుకు పెట్టుకున్నామన్న పేరా ఈసారి తీసేశాను. అది నాకంటే మీకే బాగా వచ్చు.

ముందు పండగలు. ఉగాది మార్చి 30న, ఆదివారమే వచ్చింది. కానీ అదే తెల్లవారుజామున ఇక్కడ వేసవి వేళల కోసం గడియారాలు గంట ముందుకి జరిగాయి. పంచాంగ శ్రవణం పదకొండుకని పిలిస్తే సగం మంది పన్నెండుకి వచ్చి, "మా గోడ గడియారంలో పదకొండేనండీ" అన్నారు. విశ్వావసులో వాళ్ళ ఆదాయ వ్యయాలు వాళ్ళకి ఇప్పటికీ తెలియవు. ఇండియా నుంచి వేపపువ్వు మోసుకొచ్చిన అత్తయ్యగారికి, వంద మందికి పులిహోర కలిపిన ముగ్గురు అక్కలకి సంఘం తరఫున ధన్యవాదాలు. బతుకమ్మకి తంగేడు దొరక్క డాలియాలు, బంతిపూలు పేర్చారు. బాగానే నిలబడింది. వినాయక చవితి హాలు గురించి ఎక్కువ చెప్పను. అద్దెకిచ్చే కార్యాలయానికి జూన్‌లో రాసిన ఉత్తరానికి జవాబు పండగ అయ్యాక వచ్చింది, అదీ ఇంకో ఫారం నింపమని. ఆఖరి నిమిషంలో తన ఇంటి కింది గది ఇచ్చిన సభ్యుడికి, చప్పుడు భరించిన ఆయన పైయింటి జర్మన్ దంపతులకి నమస్కారాలు.

ఇక నేను అసలు చెప్పదలచుకున్నది, జనవరిలో మన ఊళ్ళో జరిగే సినిమా ఉత్సవం సంగతి.

ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాం. జనవరి రాగానే దుకాణాల అద్దాల మీద ఆ ఉత్సవం గుర్తుగా నీలం రంగు గుండె బొమ్మలు వెలుస్తాయి, మనం కోటు గుండీలు పెట్టుకుని వాటి పక్కనుంచే వెళ్ళిపోతాం. నౌవీజర్ వాడలో మాక్స్-ఓఫ్యుల్స్-ప్లాట్స్ అనే కూడలి మీదుగా కూరగాయలకి వెళ్ళేవాళ్ళం కూడా ఆ ఓఫ్యుల్స్ ఎవరని అడగలేదు. అడగనివాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయన సినిమా దర్శకుడు, అసలు పేరు మాక్స్ ఓపెన్‌హైమర్. 1902లో ఇక్కడే సార్‌బ్రూకెన్‌లో, బట్టల వ్యాపారి ఇంట్లో పుట్టాడు. నాటకాల్లోకి వెళ్తూ పేరు మార్చుకున్నాడు. యూదుడు కాబట్టి 1933లో దేశం విడిచి ఫ్రాన్స్ చేరాడు. యుద్ధం అక్కడికీ వచ్చాక అమెరికా, అది ముగిశాక మళ్ళీ ఫ్రాన్స్. 1957లో పోయాడు, సమాధి పారిస్‌లో ఉంది. ఆల్బ్రెఖ్ట్ ష్టూబి అనే ఆయన 1980లో ఈ సినిమా ఉత్సవం మొదలుపెట్టినప్పుడు దానికి ఓఫ్యుల్స్ పేరు పెట్టారు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌ల కొత్త దర్శకులు తమ మొదటి సినిమానో రెండో సినిమానో పట్టుకుని వచ్చేది ఇక్కడికే. పెద్ద తారలు, పెద్ద తివాచీల జాతర బెర్లిన్‌లో జరుగుతుంది. ఇక్కడ దర్శకుడే టికెట్ల వరసలో మన వెనక నిలబడతాడు.

46వ ఉత్సవం జనవరి 20 నుంచి 26 వరకు జరిగింది. ఒక సాయంత్రం అందరం కలిసి వెళ్దామని గ్రూపులో రాస్తే బొటనవేలి బొమ్మ పెట్టినవాళ్ళు ఇరవై ముగ్గురు. సార్‌బాన్ ట్రామ్ దిగి యోహానెస్‌కిర్ఖె స్టాప్‌లో నిలబడితే వచ్చినవాళ్ళు పదిహేడుగురు. మిగిలిన ఆరు టికెట్లు నా కోటు జేబులో అలాగే ఉన్నాయి. ఆ డబ్బు సంఘం పద్దులో రాయలేదు, నా పద్దులోనే ఉంది. తెలిసినవాళ్ళకి తెలుసు.

కామెరా త్స్వో అనే సినిమా హాల్లో మేం చూసింది ఒక స్విస్ అబ్బాయి మొదటి సినిమా. మాటలు మొదలవగానే మా బీ-వన్ జర్మన్ భాషా సర్టిఫికెట్లన్నీ చేతులెత్తేశాయి. పక్కకి చూస్తే హాల్లో జర్మన్‌లు కూడా కింద పడే జర్మన్ అక్షరాలే చదువుకుంటున్నారు! స్విస్ యాస వాళ్ళకీ అంతే. వెనక వరసలోంచి మన శ్రీకాకుళం తమ్ముడు, "నేను హైదరాబాద్ హాస్టల్లో చేరినప్పుడు నాకూ కింద ఇలా వేసుంటే బాగుండేది" అన్నాడు. నవ్వితే ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు.

సినిమా అయ్యాక లైట్లు వెలిగించి దర్శకుణ్ణి ముందు నిలబెట్టి ప్రశ్నలు అడగమంటారు. జర్మన్‌లు కెమెరా గురించి, మౌనం గురించి అడిగారు. అప్పుడు, కూతురి పురిటికని గుంటూరు నుంచి వచ్చిన మన అమ్మమ్మగారు శాలువా సర్దుకుని చెయ్యెత్తారు. మనవరాలు జర్మన్‌లో చెప్పింది: "నీ మొదటి సినిమాకి డబ్బు ఎవరిచ్చారు బాబూ? పోతే ఎవరికి కట్టాలి?" హాలంతా నవ్వింది. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు. ఫిల్మ్ స్కూల్ కొంత, టీవీ చానల్ కొంత, ప్రభుత్వ సినిమా నిధి కొంత ఇచ్చాయనీ, ఆ ఫారాలు నింపడానికి పట్టిన కాలం షూటింగ్‌కి పట్టలేదనీ చెప్పాడు. అమ్మమ్మగారు, "అయితే పొలం అమ్మలేదన్నమాట" అని కూర్చున్నారు. ఆ మాట మాత్రం మనవరాలు అనువదించలేదు.

ఇంకో సంగతి అక్కడే తెలిసింది. 2007లో ఈ ఉత్సవం పెద్ద బహుమతి మొదటిసారి ఒక డాక్యుమెంటరీకి దక్కింది. తీసింది సుంగ్-హ్యుంగ్ చో, కొరియాలో పుట్టి చదువుకోడానికి ఇక్కడికొచ్చిన ఆవిడ. తీసింది కొరియా గురించి కాదు, హెవీ మెటల్ సంగీతోత్సవం జరిగే వాకెన్ అనే జర్మన్ పల్లెటూరి గురించి. ఆవుల్ని మేపుకునేవాళ్ళని దగ్గర కూర్చుని మాట్లాడించింది. తర్వాత ఇక్కడి కళాశాలలోనే ప్రొఫెసర్ అయింది. మన పిల్లల్లో ఇద్దరు ఈ సంగతి విన్నప్పటినుంచి ఫోన్ కెమెరా పట్టుకుని మా వీధి బేకరీ ఆవిడ వెంట పడుతున్నారు. ఆవిడ విసుక్కోకుండా బ్రెత్సెల్ రొట్టెలు కూడా ఇస్తోంది. కృతజ్ఞతలు ఆవిడకి కూడా.

లెక్కలు. పట్టిక కోశాధికారి గారు మీ అందరికీ పంపారు. తనిఖీదారులిద్దరూ చూసి సంతకం పెట్టారు. స్పీకర్ మరమ్మతు ఖర్చు రెండుచోట్ల పడిందని ఒకరు పట్టుకున్నారు, దిద్దాం. సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి, భోజనాల ముందు మాత్రం కాదు.

చివరిగా ఒక మాట, కొంచెం కష్టంగానే చెబుతున్నాను. కార్యవర్గంలో కాగితం మీద తొమ్మిది మందిమి. కుర్చీలు మోసేది నలుగురం, ఆ నలుగురిలో ఒకరికి నడుం నొప్పి. మార్చి నుంచి నేను ఈ పదవిలో ఉండను. ఉద్యోగం మారుతోంది. ఆ బాధ్యత ఎవరు తీసుకుంటారో ఇవాళే తేలిస్తే మంచిది, లేకపోతే రిజిస్ట్రేషన్ కాగితాల కోసం మళ్ళీ నాకే ఫోన్ చేస్తారు.

47వ ఉత్సవం 2026 జనవరి 19 నుంచి 25 వరకు. వచ్చేవాళ్ళు పేరుతో పాటు టికెట్ డబ్బు కూడా ఇవాళే ఇవ్వండి. అమ్మమ్మగారు మళ్ళీ వీసాకి పెట్టుకున్నారట, ఆవిడ టికెట్ నేను కొంటాను.

ఇట్లు,
కార్యదర్శి