నల్లద్దం సంగతి

చి॥ బుజ్జికి నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అంతా క్షేమం. అమ్మ మోకాళ్లు మామూలే.

సత్యం కొడుకు వచ్చాడు. బాలానగర్‌లో పాతినుప సామాన్ల కొట్టు దగ్గర నిన్ను చూశాడట. చీకటి పడ్డాక కూడా నల్లకళ్లజోడు పెట్టుకున్నావన్నాడు. ఫ్యాషనై ఉంటుందిలే అంది అమ్మ. నేనేమీ అనలేదు. దసరాకి వెళ్లిన దగ్గర్నుంచి నువ్వు ఫోను చేయలేదు, అది వేరే సంగతి.

పాతినుముతో నువ్వు చేసిన కొంగ బొమ్మ ఫొటో గ్యారేజీలో అందరికీ చూపించాను. మెడకి టైమింగ్ చైను వేసి, లింకు లింకుకీ వెల్డింగ్ టాకా పెట్టి వంపు తిప్పావు చూడు, అది బావుంది. కాళ్లు మాత్రం జీఐ పైపులా కనపడ్డాయి. దాని మీద జింకు పూత ఉంటుందమ్మా. గ్రైండర్‌తో తీసేయకుండా వెల్డింగ్ పెడితే ఆ పొగకి రాత్రికల్లా చలిజ్వరం పట్టుకుంటుంది. షాకబ్జర్ దొరికితే వేడి చేయకు, లోపల గ్యాసుంటుంది. డీజిలు పోసిన డ్రమ్ము ఖాళీదైనా దాని జోలికి పోకు.

నీ నల్లకళ్లజోడు మాటకి ఒకటి గుర్తొచ్చింది. రాఘవ బాబాయి గ్యారేజీలో చేరిన కొత్తలో బస్సు సీట్ల ఫ్రేములకి టాకాలు వేసేవాడు. "రెండు టాకాలకి నల్లద్దమెందుకన్నయ్యా" అని కళ్లు మూసుకుని అంటించేవాడు. మూసేలోపే వెలుగు కొట్టేస్తుంది కదా! సాయంత్రం దాకా ఏమీ లేదు, సుబ్బరంగా తిని సెకండ్ షోకి వచ్చాడు. ఇంటర్వెల్ కాకుండానే కళ్లలో ఇసుక పోసినట్టుందని ధారగా నీళ్లు. పక్క సీటు పెద్దావిడ "సినిమాకే ఇంత ఏడవాలా నాయనా" అని కొంగుతో తుడిచింది. కేక పెట్టాడు. ఎవరికేమైందోనని హాల్లో లైట్లు వేశారు. ఆ వెలుగుకి ఇంకో కేక. రిక్షాలో ఇంటికొచ్చేదాకా వీధిదీపానికో తిట్టు. ఆ వారంలోనే పెళ్లిచూపులు. ఎర్రకళ్లు చూసి పిన్ని వాళ్ల నాన్న తాగుబోతనుకున్నాడు. అయినా ఇచ్చారు, వాళ్ల ఖర్మ.

నీ పని వద్దనను. మన తెనాలిలోనే కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర 2021లో నట్లూ బోల్టులతో 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు. చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులు, పింగాణీ ముక్కలు, విరిగిన సైకిళ్లు ఏరుకొచ్చి, 1957 నుంచి ఎవరికీ తెలియకుండా అడవిలో ఓ బొమ్మల తోటే కట్టేశాడు. బయటపడ్డాక కూల్చకుండా సర్కారే జీతమిచ్చి, 50 మంది కూలీలనిచ్చింది. 1976లో జనానికి తెరిచారు. అప్పటిదాకా రోడ్ల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం మానలేదాయన, గమనించు. సరే, ఆ మాట ఎత్తనని అమ్మకి మాటిచ్చాను.

డాక్టరుకి చూపించావా? ఎర్రగా ఉంటే నలపకు, తోచిన చుక్కలు వేయకు. పదకొండో నంబరు వెల్డింగ్ నల్లద్దంతో తలకి పెట్టుకునే షీల్డు పార్సిల్ చేశాను. చెంపల పక్క నుంచి కూడా వెలుగు రాదు. పక్కన సాయం పట్టే కుర్రాడికీ ఒకటి పెట్టాను. ఇద్దరికీ తోలు గ్లవుజులున్నాయి. పని దగ్గర నైలాన్ చున్నీ వద్దు, నిప్పురవ్వ పడితే ఒంటికి అతుక్కుంటుంది. కాటన్ చొక్కాలు నావి రెండు పెట్టాను, చేతులు మడవకు.

కుట్టుమిషను స్టాండు అడిగావట. చక్రం, పెడలు తీసుకోమంది అమ్మ. మిషను ఇవ్వదట, ఇంకా జాకెట్లు కుడుతుందట. ఆదివారం నువ్వే వచ్చి విప్పుకో, ఆ బోల్టులు తుప్పుపట్టి నా చేత కావడం లేదు.

ఇట్లు
నాన్న