మాలకొండయ్యకి జాబు: వెలుగు లెక్కలు

కావలి

ఒరేయ్ మాలకొండయ్యా,

జాబు అందింది. అమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గిందంటే మనసు కుదుటపడింది. ఇక నువ్వడిగిన దానికే వస్తా. శని చుట్టూ తిరిగే మంచు చంద్రుడు ఎన్‌సెలాడస్ ఆల్బెడో, అంటే పడ్డ వెలుగులో ఎంత తిప్పికొడుతుందో చెప్పే అంకె, 1.38 ఏందిరా, పడ్డ వెలుగు కంటే ఎక్కువ ఎట్లా తిరిగొస్తుందన్నావు.

ఎక్కువ రాదబ్బయ్యా. సూర్యుడు సరిగ్గా మన వీపు వెనకున్నప్పుడు అదెంత వెలుగుతుందో చూసి, అంతే వెడల్పున్న తెల్లటి పళ్లేనికి, అంటే పడ్డ వెలుగంతా అన్ని వైపులకీ చల్లేదానికి, అది ఎన్నింతలో చెప్పే అంకె అది. ఎన్‌సెలాడస్ మంచు వెలుగుని వచ్చిన దారినే ఎక్కువగా తోలేస్తుంది. అందుకే ఆ ఒక్క దిక్కున ఒకటి దాటింది. అన్ని దిక్కులకీ పోయేదంతా కూడితే దాదాపు 0.8. బాండ్ ఆల్బెడో అంటే ఇదే, ఇది ఎప్పటికీ ఒకటి దాటదు. సూర్యుడికి అంత దూరం, మింగేదీ అంత తక్కువ కాబట్టి అక్కడ పట్టపగలు కూడా మైనస్ 200 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది.

వచ్చిన దారినే ఎందుకు పోతుందంటావా? ఇస్కపల్లి ఉప్పు మళ్ల కాడ, పొద్దు వాలేటప్పుడు, సూర్యుడికి వీపు పెట్టి ఉప్పుకుప్ప ముందు నిలబడు. ప్రతి ఉప్పుగల్లు నీడా ఆ గల్లు వెనకాలే దాక్కుంటుంది. అదే కుప్పని పక్కనుంచి చూస్తే నీడలన్నీ బయటపడి తెలుపు మందగిస్తుంది. మన చందమామ కథా ఇంతే: పున్నమినాటి వెలుగు సగం చంద్రుడికి రెండింతలు కాదు, దాదాపు పదింతలు! తెల్లటి మంచులో ఇంకోటి కూడా ఉంది. ఒకే దారిలో అటొకటి ఇటొకటి పోయిన రెండు వెలుగు తరంగాలు బయటికొచ్చేసరికి ఒకదానికొకటి తోడవుతాయి.

అందుకే సూర్యుడి వెలుగు పడే దిక్కుకీ మనం చూసే దిక్కుకీ మధ్య కోణం చెప్పకుండా వెలుగు అంకె ఒక్కటే ఇస్తే నేను నమ్మను. భూమ్మీద నుంచి శనిని ఆరున్నర డిగ్రీలకి మించి పక్కకి చూడలేం. ఆ పైన కావాలంటే వాయేజర్, కాసిని లాంటి నౌకలు అక్కడికి పోవాల్సిందే. సున్నా కోణమూ అరుదే. 2005 జనవరిలో శని మీద నుంచి చూస్తే భూమి సూర్యబింబం మీదుగా దాటింది. అంతరిక్షంలోని హబుల్ టెలిస్కోపు అదను చూసి కొలిచింది. నీ 1.38 అప్పటిదే. అదే ఏడు ఎన్‌సెలాడస్ దక్షిణ ధ్రువంలో నీటి ఆవిరి, మంచు రేణువులు ఎగజిమ్ముతున్నాయని కాసిని నౌక పట్టుకుంది. ఆ మంచు రేణువులే మళ్లీ దాని మీద రాలి, తెలుపు మాయకుండా చూస్తాయి.

ఇక మనం కొలవాల్సింది శనికున్న ఇంకో చంద్రుడు, ఇయాపెటస్ వెలుగు. 1671లో జొవాన్ని కాసిని అనే ఖగోళ శాస్త్రవేత్త (ఆ నౌకకి పెట్టింది ఈయన పేరే) దాన్ని కనిపెట్టినప్పుడు శనికి పడమట ఉంటేనే కనబడేది, తూర్పుకి పోతే మాయం. ఒక ముఖం నలుపయి ఉండాలని ఊహించాడు, ఎంత గొప్ప బుర్రో చూడు! పడమట 10వ మాగ్నిట్యూడ్, తూర్పున దాదాపు 12 (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గినట్టు). మా ఎనిమిదంగుళాల టెలిస్కోపుకి రెండూ అందుతాయి. అదే ఫొటోలో వెలుగు తెలిసిన నక్షత్రం ఒకటి పడాలి, శని చుట్టూ పరుచుకున్న కాంతిని తీసేసి లెక్కగట్టాలి. ఈ సముద్రపు గాలికి అద్దం మీద తేమ పట్టిందంటే ఆ రాత్రి అంకెలు పక్కన పడేస్తున్నా.

ఒక చుట్టుకి 79 రోజులు పడుతుంది, ఒక్కణ్ణే లాగలేను. అక్టోబర్ మొదట్లో శని సూర్యుడికి ఎదురుగా వస్తుంది. వానలు పట్టుకోకముందే రా. వచ్చేటప్పుడు నీ కెమెరా, దాని బిగింపు రింగూ మర్చిపోకు. అమ్మకి నమస్కారాలు చెప్పు.

నీ
పెంచలయ్య