కమిషనర్ గారూ, కుక్కల లైసెన్సు సంగతి ఒకసారి చూడండి

విజయనగరం మున్సిపల్ కమిషనర్ గారికి నమస్కారం సార్.

పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద వాకింగ్‌కి వచ్చేవాళ్ళలో సగం మంది కుక్కల్ని ఊరికే వదిలేస్తన్నారు, అడిగితే "మాది ఏటీ చెయ్యదండీ" అంటారు, అది వాళ్ళని ఏటీ చెయ్యదు సరే, ఎదురొచ్చే ముసిలోళ్ళకి, స్కూలు పిల్లలకి ఆ సంగతి ఎలా తెలుస్తాది? పెంపుడు జంతువు వల్ల జనానికి ప్రమాదం రాకుండా చూసుకోకపోతే భారతీయ న్యాయ సంహిత 291 సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు. ఇది చాలామందికి తెలీదు, వార్డు సచివాలయాల దగ్గర ఒక బోర్డు పెట్టించండి చాలు.

రేబిస్ టీకా వీధికుక్కలకే అనుకుంటారు కొందరు! కుక్కపిల్లకి మూడు నెలలకి మొదటిది, తర్వాత బూస్టర్లు, ఇంట్లో పెరిగినా తప్పదు. కరిస్తే పసుపో కారమో రాస్తారు ఇంకా, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి సార్, ఎందుకంటే లక్షణాలు మొదలయ్యాక ఆ జబ్బుకి దాదాపు మందు లేనట్టే.

ఇంకోటి, మన ఎండల్లో హస్కీల్ని, అంటే మంచు ప్రాంతాల జాతి కుక్కల్ని కొని మేడ మీద కట్టేస్తారు, అదేం సరదానో నాకర్థం కాదు. మోజు తీరాక రింగురోడ్డులో వదిలేస్తారు, జంతువుని అలా వదిలెయ్యడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరమే.

అందుకే లైసెన్సు ఇచ్చేటప్పుడే టీకా కార్డు చూడండి, మెడకి నంబరు బిళ్ళ తగిలించండి. వదిలేసినోడెవడో అప్పుడు తెలుస్తాది.

ఇట్లు,
కంటోన్మెంట్ వైపు ఉండే ఒక కుక్క ఓనరు