ఉదయగిరి దుర్గానికి నడకబాట కావాలి

సంపాదకులకు,

అయ్యా,

నెల్లూరులో రోజూ తెల్లవారుజామున కలిసి నడిచే విశ్రాంత ఉద్యోగులం కొందరం కిందటి వసంతకాలంలో మధ్యధరా సముద్రంలో స్పెయిన్‌కు చెందిన మినోర్కా, మయోర్కా దీవులలోను, గ్రీసుకు చెందిన క్రీట్ దీవిలోను బృందంగా కాలినడకన తిరిగి వచ్చాము. ఖర్చు ఎంతైందని, వీసా ఎలా వచ్చిందని, శాకాహారులు ఏం తిన్నారని అప్పటినుంచి తెలిసినవారందరూ అడుగుతున్నారు. తిండికి ఇబ్బంది కలగలేదు. రొట్టెముక్క మీద పండిన టమాటా రుద్ది, ఆలివ్ నూనె పోసి, ఉప్పు చల్లి ఇస్తే మధ్యాహ్నం దాకా ఆకలి వేసేది కాదు. అయితే నేను ఈ లేఖ రాస్తున్నది అక్కడి బాటల గురించి చెప్పడానికి, అటువంటి బాట ఒకటి మన జిల్లాలో ఎందుకు ఉండకూడదని అడగడానికి.

మినోర్కా దీవి చుట్టూ తీరం వెంబడి 185 కిలోమీటర్ల పొడవున కమీ దె కవాల్స్ అనే పాత బాట ఉంది. పూర్వం సముద్రం మీద నుంచి శత్రువులు రాకుండా గుర్రాల మీద కాపలా తిరిగే సైనికుల కోసం ఏర్పడిన దారి అది. కాలక్రమంలో దాని అవసరం తీరిపోయి చాలా భాగం పొలాల్లో కలిసిపోయింది. యజమానులు గేట్లు పెట్టి తాళాలు వేసుకున్నారు. ఆ దారి అందరిదీ అని దీవి ప్రజలు ఏళ్ళ తరబడి పట్టుబట్టిన తరువాత, 2000లో ప్రాంతీయ శాసనసభ ఆ బాట మీద నడిచే హక్కు ప్రజలకు ఉందని చట్టం చేసింది. మరమ్మతులు చేసి, గుర్తులు పెట్టి, 20 మజిలీలుగా విభజించి 2010 నాటికి దానిని మొత్తంగా తెరిచారు. పొలాలు ఇప్పటికీ యజమానులవే. పశువులు బయటికి పోకుండా అక్కడక్కడ అడవి ఆలివ్ కర్రతో చేసిన గేట్లు ఉంటాయి. నడిచేవారు తీసి, దాటి, మళ్ళీ మూసి వెళ్ళాలి. వంకర కొమ్మలను వంకరగానే అమర్చి ఆ గేట్లు చేసే వడ్రంగులు ఆ దీవిలో ఈనాటికీ ఉన్నారు, వారికి పని దొరుకుతున్నది. ఒక గేటు దగ్గర నిలబడి ఆ అతుకులను చూస్తున్నప్పుడు నాకు మన ఉదయగిరి చెక్క గరిటెల పనివారు గుర్తుకు వచ్చారు.

మయోర్కాలో సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడల మధ్యగా, ఆలివ్ తోటల మెట్ల పొలాల మీదుగా కొండబాట సాగుతుంది. ఆ పర్వత ప్రాంతాన్ని 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. అటువంటి గోడలు కట్టే విద్యను స్పెయిన్, గ్రీసు మొదలైన దేశాల వారసత్వంగా 2018లో గుర్తించింది.

క్రీట్‌లోని సమారియా లోయలో నేను చూసిన పద్ధతిని మాత్రం మన అధికారులు శ్రద్ధగా గమనించాలని కోరుతున్నాను. సుమారు 1,200 మీటర్ల ఎత్తున మొదలై సముద్రం ఒడ్డు దాకా 16 కిలోమీటర్లు దిగే ఆ దారిలో లోపలికి వెళ్ళేటప్పుడు ఇచ్చిన టికెట్టును బయటికి వచ్చేటప్పుడు మళ్ళీ చూపించాలి. సాయంత్రానికి లోయలో ఎవరైనా చిక్కుకుపోయారేమో తెలుసుకోవడానికి ఈ ఏర్పాటు. మే నుంచి అక్టోబరు దాకానే తెరుస్తారు. ఆ నెలల్లోనైనా భారీ వర్షం పడినా, ఎండ మరీ తీవ్రమైనా మూసివేస్తారు. ఈ జాగ్రత్త ఊరికే పెట్టుకున్నది కాదు. 2024 జూన్‌లో గ్రీసు దీవులలో మండుటెండలో నడకకు వెళ్ళిన పర్యాటకులు కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. రోహిణి కార్తె ఎండలు ఎరిగిన మనకు ఈ సంగతి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఇక మన ఉదయగిరి సంగతి. నెల్లూరుకు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, ఊరి నడినెత్తిన నిలిచినట్టున్న ఆ దుర్గాన్ని దీర్ఘకాలం ముట్టడించి 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్నాడు. ఆ విజయానికి గుర్తుగా ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తీసుకువెళ్ళి గుడి కట్టించాడు. ఆ గుడిని చూడడానికి దేశదేశాల నుంచి జనం హంపికి వెళ్తున్నారు, విగ్రహం బయలుదేరిన కొండకు మాత్రం దారి చూపే గుర్తు లేదు. మేము ఎక్కినప్పుడు కంప చెట్లు బాటను కమ్ముకుని ఉన్నాయి, దారి రెండుగా చీలిన చోట ఎటు వెళ్ళాలో తెలియక నిలిచిపోయాము. పశువులు తోలుకువస్తున్న ఒక పెద్దాయన చూపించకపోతే వెనుదిరిగేవాళ్ళమే. కోట గోడలను, మసీదులను, పాడుబడిన కట్టడాలను చూసి దిగివచ్చాక ఇంత చరిత్ర ఇలా ఎండకు ఎండి వానకు తడుస్తున్నదే అని మనసు కష్టపడింది.

దీనికి రోప్‌వేలు, రిసార్టులు అక్కరలేదని నా అభిప్రాయం. తారురోడ్డు వేస్తే కొండ మీద ప్లాస్టిక్ గుట్టలు పేరుకోవడం తప్ప వేరే ప్రయోజనం ఉండదు. పాత కాలిబాటనే కంప కొట్టి బాగుచేసి, కనుచూపు దూరానికి ఒకటి చొప్పున రాళ్ళ మీద రంగు గుర్తులు వేయాలి. కొండ కింద పేర్లు రాసుకుని పైకి పంపి, దిగిన తరువాత సరిచూసుకునే మనిషి ఒకరు ఉండాలి. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా తెరిచి, ఎండలు ముదిరాక, ఈశాన్య రుతుపవనాల వానల్లో మూసివేయాలి. దారి చూపే పని, కాపలా పని ఉదయగిరి యువకులకే ఇవ్వాలి; గరిటెలు చేసే అక్కచెల్లెళ్ళకు కొండ కిందనే అమ్ముకునే చోటు కల్పించాలి. అటవీ, పురావస్తు, పర్యాటక శాఖలవారు ముగ్గురూ ఒకచోట కూర్చుని మాట్లాడితేనే ఇది సాధ్యమవుతుంది కనుక, జిల్లా కలెక్టర్ గారు చొరవ తీసుకుని ఆ సమావేశం ఏర్పాటు చేయాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను. కంప కొట్టడానికి, గుర్తులు వేయడానికి శ్రమదానం కావాలంటే మా నడక మిత్రులందరం సిద్ధంగా ఉన్నాము.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నెల్లూరు